వేలం ముందా, గ్రామసభ ముందా?



కోరాపుట్, రాయగడ జిల్లాల కొండల గురించి, వాటి నెత్తిన ఉన్న బాక్సైట్ గురించి, ఆ రెంటి మీదా ఎవరి హక్కు ఎంతో తేల్చాల్సిన చట్టాల గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ఒడిశా గొడవ మనకెందుకు అనుకోకండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రంగా ఏర్పడేదాకా ఆ కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలోవి, మన విశాఖపట్నం ఏజెన్సీలోవి. విజయనగరం, బొబ్బిలి సంస్థానాల పేర్లు చెప్పుకున్నట్టే మన పెద్దలు జయపురం సంస్థానం పేరూ చెప్పుకునేవారు. 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి రాయగడ వేరుపడింది. ఇవాళ్టికీ రాయగడ, గుణుపురం, జయపురం బజార్లలో తెలుగులో బేరం నడుస్తుంది.

ఆ ఉమ్మడి ఏజెన్సీకి ఉమ్మడి భూమి చట్టం ఒకటి ఉండేది. మైదానం నుంచి వచ్చిన షావుకార్లు అప్పుల పేరిట గిరిజనుల పొలాలు లాక్కుంటున్నారని మద్రాసు ప్రభుత్వం 1917లో చేసిన చట్టం అది. ఏజెన్సీ పాలన చూసే ఏజెంటుగారి రాతపూర్వక అనుమతి లేకుండా కొండవాళ్ల భూమి బయటివాళ్ల చేతికి పోకూడదన్నది దాని సారం. 1936లో సరిహద్దు గీత పడ్డాక ఈ చట్టానికీ రెండు దారులు ఏర్పడ్డాయి. ఒడిశా 1956లో తన రెగ్యులేషన్ చేసుకుంది. మనం 1959లో చేసుకుని, 1970లో బాగా బిగించాం. మన్యంలో అందరి నోటా నలిగే 1/70 చట్టం అదే. అవతల కోదులు, పరజలు, గదబలు. ఇవతలా కోదులు, పరజలు, గదబలే. సాలూరు వైపు కొఠియా గ్రామాల పంచాయితీ మీకు తెలిసే ఉంటుంది. ఆ 21 ఊళ్లు ఏ రాష్ట్రానివన్న తగువు 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2006లో కోర్టు దాన్ని తేల్చకుండానే ముగించింది. ఒకే ఇంట్లో రెండు రాష్ట్రాల కార్డులున్న మనుషులు అక్కడ కనిపిస్తారు. మరి వాళ్ల పొలానికి ఏ భూమి చట్టం వర్తిస్తుందో ఎవరు చెప్పాలి?

మన వైపు 1/70 చట్టం గనుల దాకా ఎలా వెళ్లిందో ముందు చెప్పుకోవాలి. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చింది. సమత అనే సంస్థ ఊళ్లవాళ్ల పక్షాన కోర్టుకెళ్లింది. హైకోర్టులో ఓడిపోయింది. 1997 జులై 11న సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరి మెజారిటీతో తీర్పు చెప్పింది. గిరిజనేతరుడికి ఏజెన్సీలో భూమి ఇవ్వడం నిషేధమైనప్పుడు ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుంది, సర్కారు భూమి కదా అని లీజు రాసివ్వడం కుదరదు అని తేల్చింది. గనులు తవ్వితే ప్రభుత్వ సంస్థలో, గిరిజనుల సహకార సంఘాలో తవ్వుకోవచ్చంది. నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి గిరిజనుల అభివృద్ధికి పక్కన పెట్టాలంది. మన దేశపు గనుల చరిత్రలో ఇంత సూటిగా మాట్లాడిన తీర్పులు ఎక్కువ లేవని నా అభిప్రాయం.

అయితే ఆ తీర్పు కొండ దాటలేదు. అది మన రెగ్యులేషన్ ఆధారంగా వచ్చిన తీర్పని, తమ చట్టం వేరని ఒడిశా అంది. 2001 డిసెంబరులో ప్రభుత్వ అల్యూమినియం సంస్థ బాల్కో అమ్మకం కేసు విన్న మరో ధర్మాసనం సమత తీర్పు మీద తనకు గట్టి సందేహాలున్నాయని చెప్పడంతో ఆ వాదనకు బలం చేకూరింది. ఒడిశా చట్టం మెత్తనిదని అనలేం. 2002 నుంచి గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదలాయించడాన్ని అక్కడ పూర్తిగా ఆపేశారు. 2023 నవంబరులో మంత్రివర్గం ఆ నిషేధాన్ని సడలించబోతే, రాష్ట్రమంతా అగ్గి మీద గుగ్గిలమై కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గేలా చేసింది. చిక్కల్లా ఎక్కడంటే, ఆ నిషేధం మనిషికీ మనిషికీ మధ్య జరిగే బదలాయింపుకు. కొండ సర్కారుదని రికార్డులో ఉంటే ఆ నిషేధం దాని జోలికి పోదు.

కొండ సర్కారుది ఎప్పుడైంది? వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ మొత్తం తగువుకు మూలం ఇక్కడే ఉంది. ఒడిశాలో సర్వే సెటిల్‌మెంట్లు జరిగినప్పుడు పల్లపు పొలాలకు, మడులకు కొలతలు వేసి పట్టాలిచ్చారు. పది డిగ్రీలకు మించి వాలున్న నేలను మాత్రం ఎవరి పేరా రాయలేదు. అది ప్రభుత్వ భూమి అయింది. కోదులు సాగుచేసేది ఆ వాలునే. దాన్ని వాళ్లు డొంగర్ అంటారు, మనం పోడు అంటాం. నియమగిరి మీద ఒక డొంగర్ చెక్కను దగ్గరగా చూస్తే సామలు, చోళ్లు, కొర్రలు, కందులు, ఆముదాలు కలిపి చల్లి ఉంటాయి. నీడపట్టున పసుపు, అల్లం వేస్తారు. మధ్యమధ్యలో అనాస, అరటి, పనస ఉంటాయి. చెక్క అంచున జీలుగు చెట్టు ఉంటుంది. ఆ చెట్టు ఏ ఇంటివారిదో ఊరంతటికీ తెలుసు. తాతలనాటి నుంచి ఎవరి వాలు ఎవరిదో ఎవరినడిగినా చెబుతారు. రెవెన్యూ కాగితంలో మాత్రం అక్కడ మనిషి పేరు లేదు. అనాస, పసుపు చటికోన బుధవారం సంతకు దిగి వస్తాయి. బిస్సంకటక్, మునిగుడ వర్తకుల చేతుల మీదుగా మన వైపుకీ చేరతాయి. ఏటా పంట దిగే నేలను పనికిరాని బంజరుగా రాసిన కాగితం ఆధారంగానే ఆ తర్వాతి లీజులన్నీ నడిచాయి.

ఇక గనుల చట్టం. 1957 నాటి ఈ కేంద్ర చట్టం నేలనూ, నేల కింద ఉన్నదాన్నీ వేరుచేసి చూస్తుంది. లీజు 50 ఏళ్లకు ఇస్తారు. లీజు పొందినవాడు ఆ నేల మీద అడుగుపెట్టవచ్చు, పైన సాగు చేసుకుంటున్నవారికి పరిహారం ఇవ్వాలి. సాగు చేసుకుంటున్నవాడికి పట్టాయే లేకపోతే? 2013 భూసేకరణ చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలంటోంది. కానీ సర్కారు తన భూమిని తాను లీజుకిస్తే అది సేకరణ కిందకి రాదు. ఆ రక్షణా లేకుండా పోతుంది. కోరాపుట్, రాయగడ రెండూ రాజ్యాంగంలోని ఐదో షెడ్యూల్ ప్రాంతాలే, అంగుళం మినహాయింపు లేదు. అయినా వాలు మీద బతికేవాడికి మిగిలిన తలుపు ఒక్కటే, అడవి మీద తరతరాల హక్కులను గుర్తించే 2006 అటవీ హక్కుల చట్టం.

ఈ కొండల మీద గనులు చెడ్డవే తెచ్చాయని చెప్పడానికి నేను రాలేదు. 1970లలో భూగర్భ సర్వేవాళ్లు తూర్పు కనుమల బాక్సైట్‌ను గుర్తించాక, 1981లో ప్రభుత్వ రంగ సంస్థ నాల్కో ఏర్పడింది. పంచపట్మలి కొండ మీద గని, కింద దమన్‌జోడిలో కర్మాగారం. మధ్యలో 14.6 కిలోమీటర్ల పొడవున ఒకే బెల్టు మీద ఖనిజం దిగుతుంది. అక్కడ తయారైన అల్యూమినా రైలెక్కి విశాఖ రేవుకొస్తుంది. ఆ టౌన్‌షిప్‌లో తెలుగు కుటుంబాలు తరం పైగా బతికాయి. కరెంటు తీగ నుంచి రైలు పెట్టె దాకా అల్యూమినియం కావాలి, కాదనేవారెవరూ లేరు. ఆ గని కోసం ఊళ్లు ఖాళీ చేసినవాళ్లూ మనుషులేనన్నది మాత్రం ఆ రోజుల్లో లెక్కకు రాలేదు. అడిగే చట్టమే అప్పట్లో లేదు.

1990లలో రాయగడ జిల్లా కాశీపురంలో కథ మారింది. ఉత్కళ్ అల్యూమినా అనే కంపెనీ బాఫ్లిమలి కొండ కోసం వచ్చింది. అందులో నార్వే, కెనడా కంపెనీలకూ వాటాలుండేవి. జోడియా, పరజ గిరిజనుల ఊళ్లు ఎదురు తిరిగాయి. 2000 డిసెంబరు 16న మైకాంచ్ అనే ఊరిలో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. మరుసటి ఏడే నార్వే కంపెనీ తప్పుకుంది. కర్మాగారం ఆగలేదు. ఇప్పుడు అది హిండాల్కో చేతిలో నడుస్తోంది. ఆ మూడు ప్రాణాలకు బదులు చెప్పే చట్టం మన దగ్గర లేకపోయింది. ఆ మాట అనకుండా ముందుకు వెళ్లలేకపోతున్నాను.

నియమగిరి సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. కొండ రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉంది. డొంగరియా కోదులు దాని శిఖరాన్ని నియమరాజు నివాసమంటారు, పైన గొడ్డలి పెట్టరు. కింద లంజిగఢ్‌లో వేదాంత కంపెనీ ఏటా 10 లక్షల టన్నుల అల్యూమినా తీసే కర్మాగారం కట్టేసింది. కొండ పైనుంచి ఖనిజం వస్తుందన్న ధైర్యంతో ముందే కట్టింది. తవ్వేది ఒడిశా ప్రభుత్వ గనుల సంస్థ. 2008లో సుప్రీంకోర్టు కూడా పచ్చజెండా ఊపింది. ఆ దశలో ఎన్.సి. సక్సేనా కమిటీ అటవీ హక్కుల చట్టం ఉల్లంఘన జరిగిందని నివేదిక ఇచ్చింది. 2010 ఆగస్టు 24న పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ అటవీ అనుమతి నిరాకరించారు. గనుల సంస్థ మళ్లీ సుప్రీంకోర్టుకెళ్లింది.

2013 ఏప్రిల్ 18న కోర్టు చెప్పిన తీర్పు అంతకుముందెప్పుడూ లేనిది. ఆ కొండ మీద గిరిజనులకు ఏ హక్కులున్నాయో, గని వస్తే వాళ్ల పూజా హక్కుకు భంగమో కాదో కోర్టు తేల్చదు, ఢిల్లీ తేల్చదు, ఊరి సభే తేల్చాలి అంది. జిల్లా జడ్జి హోదా గల అధికారి పక్కన కూర్చుని చూడాలంది. వందకు పైగా ఊళ్లకు ఆ కొండతో సంబంధముంటే, రాష్ట్ర ప్రభుత్వం 12 ఊళ్లను మాత్రం ఎంచింది. ఏడు రాయగడలోవి, ఐదు కలహండిలోవి. కేంద్ర గిరిజన శాఖ అభ్యంతరం చెప్పినా వినలేదు.

జులై 18న సెర్కపాడిలో మొదటి సభ. వానాకాలం, కొండ దారులు, చుట్టూ పోలీసులు. మధ్యలో జడ్జిగారు, అధికారులు, చాపల మీద జనం. మాట్లాడేది కోదుల కువి భాషలో, రాసేది ఒడియాలో. అధికారులు ముందే తయారుచేసిన హక్కుల లెక్కలు చదివారు, ఈ ఊరికి ఇన్ని ఎకరాలని. ఊళ్లవాళ్లు ఆ లెక్కే ఒప్పుకోలేదు. ముక్క ఇచ్చి మిగతాది తీసుకుంటారా, కొండ మొత్తం మాది అన్నారు. సర్వేవాళ్లు రాయని వాలు, జీలుగు చెట్టు, శిఖరం మీది దేవుడు, అన్నీ కలిపి ఒకే హక్కు అని ఆ సభ నోటితో చెప్పింది. ఇజురుపా అనే ఊళ్లో ఉన్నది ఒక్కటే కుటుంబం, గిరిజనులు కూడా కాదు. ఆ ఇంట్లోని కొద్దిమంది ఓటర్లూ వద్దన్నారు. ఆగస్టు 19న జరపాలో పన్నెండో సభ ముగిసేసరికి పన్నెండుకు పన్నెండూ కాదన్నాయి. 2014 జనవరిలో కేంద్రం గనికి తుది అనుమతి నిరాకరించింది. 2016లో ఆ తీర్పును కదిలించాలని చూసిన పిటిషన్‌నూ సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

ఈ గెలుపును అందరూ గుర్తుపెట్టుకున్నారు. అందులోని లోపాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అడగాల్సిన ప్రశ్న అన్నిటికంటే చివర అడిగారు. కర్మాగారం కట్టాక, పదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాక, అరెస్టులయ్యాక అడిగారు. ఆ ఆలస్యం కంపెనీకీ మేలు చేయలేదు. ఖనిజం దొరక్క 2012 డిసెంబరులో లంజిగఢ్ కర్మాగారం మూతపడి ఏడు నెలలు ఖాళీగా ఉంది. మన వైపు మాకవరపాలెం దగ్గర అన్‌రాక్ కర్మాగారం కథా అంతే. జెర్రెల బాక్సైట్ వస్తుందని నమ్మి కట్టారు. మన్యం ఒప్పుకోలేదు. 2015లో బాక్సైట్ తవ్వకాల కోసం జీవో 97 వచ్చినప్పుడు చింతపల్లి నుంచి అరకు దాకా లేచిన గొంతులు శ్రోతలకు గుర్తుండే ఉంటాయి. 2019లో ప్రభుత్వం లీజులే రద్దు చేసింది. ముందే అడిగి ఉంటే ఎవరి డబ్బు, ఎవరి కాలం మిగిలేవో లెక్కేసుకోండి.

ఇంత అనుభవం తర్వాత చట్టం ఏం నేర్చుకుంది? నా బాధంతా ఇక్కడే. 2015లో గనుల చట్టాన్ని సవరించి వేలం పద్ధతి తెచ్చారు. ఇష్టమొచ్చినవాళ్లకు లీజు రాసివ్వడం ఆగింది, అంతవరకు మంచిదే. కానీ వేలంలో రాష్ట్ర ప్రభుత్వం ముందే కొండను పాటకు పెడుతుంది. తవ్విన ఖనిజం విలువలో ఎక్కువ వాటా ఇస్తానన్న కంపెనీకి పాట ఖాయమవుతుంది. ఆ తర్వాతే పర్యావరణ అనుమతి, అటవీ అనుమతి, గ్రామసభ. అంటే ఊరిని అడగడానికి వచ్చే అధికారి అప్పటికే ఆ కొండ ఆదాయాన్ని రాష్ట్ర పద్దులో లెక్కేసుకున్న ప్రభుత్వం తరఫున వస్తాడు. 2024 జులైలో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గనుల హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకుందని తేల్చాక ఆ లెక్క ఇంకా పెరిగింది. అటవీ అనుమతి కోసం ఫైలు ఢిల్లీ వెళ్లే ముందే గ్రామసభ తీర్మానం జతపరచాలని 2009లో పెట్టిన షరతును, 2022 అటవీ నియమాలు వెనక్కి నెట్టాయి. ముందు కేంద్రం అనుమతిస్తుంది, హక్కుల సంగతి తర్వాత రాష్ట్రం చూసుకుంటుంది.

డబ్బు మాటకొస్తే, 2015కు ముందున్న లీజుదారులు జిల్లా ఖనిజ నిధికి రాయల్టీ మీద అదనంగా 30 శాతం కట్టాలి. వేలంలో పొందినవాళ్లు 10 శాతం కడితే చాలు. సమత తీర్పు అడిగింది నికర లాభంలో 20 శాతం. మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే కొండ మీద ఉన్నవాడి వాటా ఏ దిక్కుకు నడుస్తోందో తెలుస్తుంది.

ఇప్పుడు సిజిమలి. రాయగడ జిల్లా కాశీపురం, కలహండి జిల్లా తువాముల్ రాంపూర్ బ్లాకుల మధ్య ఉన్న కొండ. అక్కడివాళ్లు తిజిమలి అంటారు, తిజ్‌రాజు అక్కడి దేవుడు. 31 కోట్ల టన్నుల బాక్సైట్ ఉందని అంచనా. 2023లో వేలంలో వేదాంతకు దక్కింది. లీజు విస్తీర్ణం 1,500 హెక్టార్లకు పైమాటే, అందులో 700 హెక్టార్లకు పైగా అడవి. ఆ ఆగస్టులో కంపెనీ మనుషులు పోలీసు బందోబస్తుతో ఊళ్లకు రాగానే గొడవైంది, అరెస్టులు జరిగాయి. అక్టోబరులో సుంగేరు, కేర్పాయిలలో బహిరంగ విచారణలు జరిగితే జనం వ్యతిరేకంగా మాట్లాడారు. డిసెంబరు 8న గ్రామసభలు జరిగాయని, సమ్మతి ఇచ్చాయని కాగితాలు చెబుతున్నాయి. అలాంటి సభలే జరగలేదు, సంతకాలు మావి కావు అని ఊళ్లవాళ్లు ఫిర్యాదు చేశారు. నిజం కోర్టులు తేల్చాలి. అయితే ఒక మాట నిస్సంకోచంగా చెప్పగలను. నియమగిరిలో జడ్జి సమక్షంలో సభ జరిగింది కాబట్టే ఎవరు ఏమన్నారన్న దానిమీద తర్వాత తగువు రాలేదు. సిజిమలిలో ఆ ఏర్పాటు లేదు కాబట్టే సభ జరిగిందా లేదా అన్నదే తగువైంది. జడ్జి సమక్షంలో, ఊరి భాషలో సభ పెట్టడానికి ఖర్చు పెద్దగా కాదు. ఈ నియమాన్ని షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రతి గనికీ ఎందుకు పెట్టకూడదు?

అంతకంటే ముఖ్యమైనది క్రమం. వేలం ప్రకటన రాకముందే గ్రామసభ జరగాలి. అప్పటికి ఏ కంపెనీ పేరూ ఉండదు, ఎవరికీ పాట ఖాయమై ఉండదు, ఎవరూ కర్మాగారం కట్టి ఉండరు. ఈ కొండ తవ్వడానికి మీకు ఇష్టమా, ఇష్టమైతే ఏ షరతుల మీద అని అడిగితే ఊరు నిదానంగా ఆలోచించి చెబుతుంది. అలా అడిగితే ఒక్క గనీ రాదని అధికారులు వాదిస్తారు. కొన్ని రావు, నిజమే. ఏవి రావో ముందే తెలిస్తే పరిశ్రమ కూడా తన డబ్బు అక్కడ పోయదు. కాదన్న కొండల జాబితా, ఔనన్న కొండల జాబితా చేతిలో ఉన్న రాష్ట్రం ఇప్పటికంటే వేగంగానే నడుస్తుంది. దీనికి కొత్త రాజ్యాంగం అక్కర్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం రెగ్యులేషన్ చేసే అధికారం ఐదో షెడ్యూల్ గవర్నరుకు ఎప్పుడో ఇచ్చింది. 1956లో ఒడిశా, 1959లో మనం వాడుకున్నది ఆ అధికారాన్నే.

చివరగా, నీళ్ల గురించి. బాక్సైట్ ఉండేది కొండ నెత్తిన. ఆ ఎర్రని రాతి పొర చిల్లులమయం. వానను పీల్చుకుని ఎండాకాలం దాకా కొద్దికొద్దిగా ఊటలకు వదులుతుంది. నియమగిరి ప్రాంతంలో పుట్టే వంశధార గొట్టా బ్యారేజీకి వస్తుంది. తువాముల్ రాంపూర్ కొండల్లో పుట్టే నాగావళి రాయగడ మీదుగా తోటపల్లికి వస్తుంది. రెండూ శ్రీకాకుళం జిల్లా పంటలను తడిపి సముద్రంలో కలుస్తాయి. వంశధార వాటా కోసం మన రాష్ట్రం ట్రిబ్యునల్ ముందు ఏళ్ల తరబడి వాదించింది. అదే నది తలకట్టున గని వస్తుంటే మాత్రం ఒక్క మాట అడిగినట్టు నేను వినలేదు. పర్యావరణ ప్రభావ నివేదిక సాధారణంగా గని చుట్టూ 10 కిలోమీటర్ల వలయం గీసి లోపలి విషయాలే లెక్కిస్తుంది. నాగావళి పొడవు సుమారు 250 కిలోమీటర్లు. పాలకొండ రైతు, నారాయణపురం ఆనకట్ట కింది రైతు ఆ వలయంలోకి రారు, బహిరంగ విచారణ నోటీసు వాళ్లకు చేరదు. ఈ కొండల మీద తవ్వకాలకు అనుమతి అడిగే ప్రతి ఫైలులోనూ దిగువన ఆంధ్రప్రదేశ్ వాదన కూడా వినాలని మన జలవనరుల శాఖ కేంద్రానికి రాయవచ్చు. రాయమని ఆ నదుల దిగువ జిల్లాల శాసనసభ్యులు, నీటి సంఘాలు అడగవచ్చు. సెర్కపాడిలో చాపల మీద కూర్చుని కొండ మొత్తం మాది అన్నవాళ్లు మన నీళ్లను కూడా కాపాడారు. వాళ్ల పక్కన మన పేరుతో ఒక అర్జీ అయినా పడాలి.